తల్లి లేని పెరుగు

గిద్దలూరు, కర్నూలు జిల్లా
2-7-62

చి.ల.సౌ. పద్మమ్మకు ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. అమ్మ క్షేమం. గేదె క్షేమం. నీ క్షేమం రాయగలవు.

నువ్వు పుట్టింటికి వెళ్ళిన దగ్గర్నుంచి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అమ్మ నాతో కూడా మాట్లాడటం లేదు కాబట్టి ఆ నిశ్శబ్దం ఇంకా బాగా తెలుస్తోంది. పాడి గేదె ఉన్న ఇంట్లో నేను చారన్నంతో భోజనం ముగించి లేస్తున్నాను. అమ్మ పాలు కాస్తుంది, చల్లారుస్తుంది, తోడు పెట్టడానికి ఏమీ లేక అట్లాగే ఉంచుతుంది. పక్కింటి మస్తానమ్మ వాళ్ళింటి పెరుగు ఒక గరిటెడు తెచ్చింది. "ఇంకో ఇంటి తోడు మా ఇంట్లోకి రాదు మస్తానమ్మా, నీ మీద కోపమేం లేదు" అని చెప్పి అమ్మ పంపేసింది. మిగిలిన పాలు పిల్లికి పోస్తోంది. పిల్లి బలిసింది.

ఇక ముఖ్యమైన విషయం. ఆగస్టులో మార్కాపురంలో సైన్సు ఉపాధ్యాయుల సభ ఉంది. నన్ను ప్రసంగించమన్నారు. జీవుల్లో వంశసమాచారం మొట్టమొదట ఎలా పుట్టింది అనే విషయం తీసుకున్నాను. నీకు అర్థమయ్యేలా చెబుతాను. ప్రతి జీవకణంలోనూ కేంద్రకామ్లం అనే సన్నని పోగు ఉంటుంది. దాని మీద నాలుగే అక్షరాలు, కానీ ఆ నాలుగూ ఏ వరసలో వస్తున్నాయన్నదే వంటపుస్తకం. ఆ పుస్తకం ప్రకారం మాంసకృత్తులు తయారవుతాయి. అవే వంటమనుషులు. చిక్కు ఎక్కడంటే, పుస్తకం చదవాలన్నా, దానికి నకలు రాయాలన్నా ఆ వంటమనుషులే కావాలి. పుస్తకం లేకుండా వంటమనిషి పుట్టడు, వంటమనిషి లేకుండా పుస్తకం నిలవదు. మరి ముందు ఏది వచ్చింది? మూడు పుస్తకాలు తెప్పించి చదివాను. ముగ్గురు రచయితలూ ఈ చోటికి వచ్చేసరికి వేరే విషయంలోకి వెళ్ళిపోయారు.

టానిక్కు తాగుతున్నావా? మామగారికి, అత్తగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
రంగనాయకులు


త్రిపురాంతకం
9-7-62

మహారాజశ్రీ భర్తగారి పాదములకు నమస్కరించి పద్మమ్మ వ్రాయు విన్నపములు.

మీ జాబు అందింది. నాలుగు పేజీలు. అందులో నేను టానిక్కు దగ్గర ఒకసారి కనిపించాను. మా నాయన జాబు పైకి చదవమన్నాడు. చదివాను. కేంద్రకామ్లం దగ్గర నిద్రపోయాడు.

అమ్మ క్షేమం, గేదె క్షేమం అని రాశారు. పెరుగు ఎందుకు లేదో రాయలేదు. మీకు గుర్తు లేకపోతే నేను రాస్తాను. బడి తనిఖీకి వచ్చినాయనను చెప్పాపెట్టకుండా భోజనానికి తీసుకొచ్చింది మీరు. ఆయన పెరుగు అడిగి అడిగి వేయించుకున్నాడు. పెరుగన్నం తినకుండా అతిథిని లేవనివ్వకూడదని నాకు నేర్పింది అత్తయ్యే. ముంత అడుగు గీకి వడ్డించాను. తర్వాత అందులో సలసల కాగే నీళ్ళు పోసి శుభ్రంగా తోమాను. ఎనిమిదో తరగతి ఆరోగ్య పాఠంలో అట్లాగే ఉంది. ఆ ముంతకు ఆ ఇంట్లో ఎన్నడూ వేడి నీళ్ళు తగల్లేదని, అడుగున మిగిలే చెమ్మే మరునాటికి తోడని నాకు తెలియదు.

అత్తయ్య వచ్చి ముంత వాసన చూసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ధాత కరువులో గొడ్లన్నీ చచ్చిపోతే వాళ్ళ అత్తకు అత్త ఆ తోడును మేకపాలతో బతికించుకుని కంభం నుంచి నెత్తిన పెట్టుకొచ్చిన కథ నాకు పెళ్ళయిన మరునాడే చెప్పారు. ఆమె ఏడుస్తుంటే నాకూ ఏడుపు ఆగలేదు. మనిషి పోయినట్టే ఏడ్చింది. దానికి నేను తప్పు పట్టను. కానీ "మా తోడు మళ్ళా ఈ ఇంట్లోకి వచ్చిన్నాడే నువ్వు గడప తొక్కు" అని ఆమె అన్నప్పుడు మీరు వసారాలో చెయ్యి కడుక్కుంటున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

చచ్చిన తోడు ఎట్లా వస్తుంది? పొద్దుగూకిన తర్వాత తోడు బయటికి ఇవ్వకూడదని లోకమంతా అంటుంది. అత్తయ్య పొద్దున కూడా ఇవ్వదు. ఇస్తే ఇంటి కళ పోతుందంటుంది. అందుకే ఊళ్ళో ఏ ఇంట్లోనూ దాని పిల్ల లేదు. అంటే నేను రావడమనేది లేదన్నమాట. కానుపు సెప్టెంబరులో అని నర్సు దానమ్మ చెప్పింది. ఆ పైన నేను, ఆ బిడ్డ ఎక్కడ ఉండాలో ఆలోచించండి. దానికి కూడా పుస్తకాలు కావాలంటే తెప్పించుకోండి.

మీ ప్రసంగం గురించి నాకు ఒకటే సందేహం. మొట్టమొదటి పాలకు తోడు ఎవరు పెట్టారు?

ఇట్లు,
పద్మమ్మ


గిద్దలూరు
20-7-62

చి.ల.సౌ. పద్మమ్మకు,

నీ సందేహాన్ని నా ప్రసంగానికి మొదటి వాక్యంగా రాసుకున్నాను. రెండో వాక్యం ఇంకా రాలేదు. నువ్వు రాసిన మిగతా విషయాల గురించి కూడా ఆలోచిస్తున్నాను.

అయితే ఊరికే ఆలోచించకుండా ఒక ప్రయత్నం చేశాను. తోడు లేకుండా పెరుగు చేయాలనుకున్నాను. గోరువెచ్చని పాలలో నిమ్మకాయ పిండాను. పాలు క్షణంలో గడ్డలు కట్టాయి. సంతోషించి అమ్మను పిలిచాను. అమ్మ చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడింది. "పాలు ఇరగ్గొట్టి నన్ను పిలుస్తావేందిరా" అన్నది.

నేను పట్టు వదల్లేదు. ఆ గడ్డలోంచి చెంచాడు తీసి మరునాడు కొత్త పాలలో కలిపి మూత పెట్టాను. అది తోడుకోలేదు. సాయంత్రానికి పాలు పాలలాగే పాడయ్యాయి. పిల్లికి ఇది మంచి కాలం కాదు.

దీనివల్ల నాకు ఒకటి తెలిసింది. నిమ్మకాయ పాలను మార్చగలదు. కానీ తాను మార్చినదానికి ఇంకొకదాన్ని మార్చే శక్తి ఇవ్వలేదు. కొన్నేళ్ళ కింద విదేశాల్లో ఒక సీసాలో నీటి ఆవిరి, కొన్ని వాయువులు నింపి, మెరుపులాంటి నిప్పురవ్వలు పుట్టించారు. మాంసకృత్తులకు కావలసిన ముడిసరుకు అందులో తయారైంది. పత్రికలన్నీ జీవం గుట్టు బయటపడిందని రాశాయి. అది గొప్ప పనే, కానీ నిమ్మకాయ పనే. సరుకు తయారైంది. ఆ సరుకు తనలాంటిదాన్ని తాను చేసుకోలేదు. అది ఎప్పుడు చేసుకుందో అప్పుడే అసలు కథ మొదలైంది.

అక్కడ ఎండలు తగ్గాయా? ఎక్కువసేపు నిలబడి పని చేయవద్దు.

ఇట్లు,
రంగనాయకులు


త్రిపురాంతకం
30-7-62

మాస్టారు గారికి నమస్కారం.

మీరు పాలలో నిమ్మకాయ పిండిన సంగతి ఇంట్లో చెప్పాను. మా అమ్మ నవ్వు ఆపుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది. అల్లుడిని చూసి నవ్వకూడదు కదా.

మా పెద్దమ్మ వాళ్ళు ఎండాకాలం గొర్రెలను తోలుకుని నల్లమల అంచుకు పోతారు. అక్కడ తోడు ఎవరిస్తారు? ఎండు మిరపకాయలు తొడిమలతో సహా గోరువెచ్చని పాలలో వేసి మూత పెడతారు. కారం కోసం కాదు, తొడిమ కోసం. పాలు తోడుకుంటాయి. ఇదేమీ రహస్యం కాదు, ఇక్కడ అందరికీ తెలుసు. అత్తయ్యకూ తెలిసే ఉంటుంది. ఆమె తెలియక ఊరుకోలేదు, ఒప్పుకోలేక ఊరుకుంది.

మొదటి రోజు పెరుగు బాగుండదు. మా పెద్దమ్మ అయితే దాన్ని కుక్కకు పోస్తుంది, కానీ ఒక చెంచాడు ఉంచుకుంటుంది. మీరు ఒక గిన్నెతో సరిపెట్టకండి. నాలుగైదు గిన్నెల్లో పెట్టండి. ఏది కాస్త పెరుగులా ఉంటే దాన్నుంచి తీసి మరునాడు మళ్ళీ పెట్టండి. కొన్నాళ్ళకు కుదురుతుంది. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు వేయకండి. వేడికి ఏమవుతుందో మన ఇంట్లో తెలియనివారు లేరు.

నేను ఇదంతా పెరుగు మీద ప్రేమతో రాయడం లేదు. మీరు ఏదో ఒకటి చేస్తున్నారని తెలిసింది కాబట్టి రాస్తున్నాను. మీరు చేయవలసింది ఇంకొకటి ఉంది. దానికి గిన్నెలు అక్కర్లేదు, నోరు చాలు.

ఇట్లు,
పద్మమ్మ


గిద్దలూరు
27-8-62

పద్మా,

నువ్వు చెప్పినట్టే పాలలో మిరపకాయలు తొడిమలతో వేసి, కిటికీ గట్టు మీద గిన్నెలు వరసగా పెట్టాను. బడిలో పగిలిపోయిన మార్కాపురం పలకల ముక్కలు ఏరి తెచ్చి, ఒక్కో గిన్నెకు ఒకటి ఆనించి, దాని మీద సుద్దతో పేరు రాశాను. ఈ ఉపాయం నీదని అమ్మకు చెప్పాను. అమ్మ ఇల్లు ఊడుస్తూ గిన్నెలను జరపకుండా చుట్టూ ఊడుస్తుంది. దాన్ని నేను అనుమతిగా తీసుకున్నాను.

మొదటి రోజు వచ్చినదాన్ని పెరుగని పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒకటి జిగురుగా తీగలు సాగింది. ఒకటి నీళ్ళలా ఉండిపోయింది. ఒకదాన్ని పిల్లి ముందు పెడితే పిల్లి దాన్ని చూసి, నన్ను చూసి, గోడ దూకి వెళ్ళిపోయింది. ఒక్కదాంట్లో మాత్రం అడుగున మెత్తగా గడ్డ కట్టింది. దాన్నుంచి చెంచాడు తీసి మరునాడు అన్ని గిన్నెల్లోనూ పెట్టాను. అన్నీ తోడుకున్నాయి! నిమ్మకాయ చేయలేనిది ఇదే. చిత్రమేమిటంటే, అన్నీ ఒకే తల్లి పిల్లలైనా ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి పుల్లన, ఒకటి చప్పన, ఒకటి గట్టి. మంచిదాన్నుంచి మళ్ళీ తీశాను. మళ్ళీ తీశాను. ఇప్పుడు నా కిటికీ గట్టు మీద ఉన్నదాన్ని నువ్వు చూస్తే పెరుగనే అంటావు.

నాకు రెండో వాక్యం దొరికింది పద్మా. చెంచాడు తోడులో వంటపుస్తకమూ అదే, వంటమనిషీ అదే. ఆదిలో కూడా అట్లాంటిదేదో ఒకటి ఉండి ఉండాలి. తనను తాను నకలు రాసుకోగల ఒక పోగు, పని కూడా తానే చేసుకోగలది. బహుశా నా మొదటి గిన్నెలాగే అధ్వానంగా ఉండి ఉంటుంది. నకలు ప్రతిసారీ కాస్త తప్పుగా వచ్చి ఉంటుంది. ఆ తప్పుల్లో చాలావరకు పాడైపోయి, ఎక్కడో ఒకటి మునుపటికన్నా బాగా నిలిచి ఉంటుంది. ఇక్కడ మంచిదాన్ని ఎంచడానికి నేనున్నాను. అక్కడ మాస్టరు లేడు. నిలిచేది నిలిచింది, పోయేది పోయింది. అట్లా ఎంచుకుంటూ ఎంచుకుంటూ వచ్చి, ఇదిగో, నువ్వూ నేనూ. ఇది రుజువు కాదు, నా ఊహ. సభలో కూడా ఊహ అనే చెప్పాను.

సభ బాగా జరిగింది. గిన్నె పట్టుకెళ్ళి చూపించాను. చివర ప్రశ్నలడగమంటే ఒకాయన లేచి ఇది సిలబసులో ఉందా అన్నాడు. లేదన్నాను. ఇంకొకాయన గిద్దలూరు బండి ఎన్నింటికి అని అడిగాడు.

అమ్మ మాత్రం ముట్టుకోలేదు. "తల్లి లేని పెరుగు. దానికి ఇంటిపేరా, గోత్రమా" అన్నది. "కంభం తోడు ఎవరిది అమ్మా" అన్నాను. "మా అత్తకు అత్తది" అన్నది. "ఆమెకు ఎవరిచ్చినారు?" "వాళ్ళ అత్త." "ఆమెకు?" అమ్మ గేదెకు గడ్డి వేయాలని వెళ్ళిపోయింది. పుస్తకాల రచయితలు కూడా ఇక్కడికి వచ్చాకే వెళ్ళిపోయారు.

నువ్వు లేని ఇల్లు నాకు బాగాలేదు. ఇది ప్రసంగంలో లేదు. నీకోసం రాశాను.

రంగనాయకులు


త్రిపురాంతకం
22-9-62

మాస్టారు గారికి,

ఆడపిల్ల పుట్టింది. నాయన వేయించిన టెలిగ్రాం అందే ఉంటుంది. దానమ్మ చేతి చలవ, పెద్దగా కష్టం కాలేదు. ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను.

పిల్ల రంగు అత్తయ్యది. చెవులు మీవి. మా అమ్మ చూడగానే "అచ్చు దించినారు గదే" అన్నది. పుట్టగానే ఎవరి చెవులో తెలిసిపోయేంత చెవులు. నకలు రాసినవాళ్ళు ముక్కు దగ్గర మాత్రం పొరపాటుపడి నా ముక్కు పెట్టారు. అది దాని అదృష్టం. మీరు చెప్పిన నాలుగు అక్షరాల సంగతి ఇప్పుడు నాకు నమ్మకంగానే ఉంది. ఎక్కడో ఏదో పోగులో ఈ చెవులు రాసి ఉండకపోతే అంత కచ్చితంగా ఎట్లా వస్తాయి?

మీ పెరుగు కుదిరినందుకు సంతోషం. ఆ సంతోషం చాలావరకు నిజమే. కానీ నాకు భయంగా ఉంది. పిల్ల పాలు తాగి నిద్రపోయాక దాని మొహం చూస్తూ ఇదే ఆలోచిస్తున్నాను. దీన్ని ఎత్తుకుని నేను ఏ ఇంటికి వెళ్ళాలి? నాయన ఏమీ అనడు. అమ్మ మూడో నెల మాట ఎత్తి, సగంలో ఆపి, ఇంకేదో మాట్లాడుతుంది. చుట్టుపక్కల వాళ్ళు మీ అత్తగారు చూడ్డానికి రాలేదేమని అడుగుతున్నారు. ఒక ముంత కడిగినందుకు ఇల్లు పోయిందని నేను ఎవరికి చెప్పుకోను?

ఈసారి జాబులో కేంద్రకామ్లం వద్దు. నన్ను పిలుస్తున్నారా లేదా, అది రాయండి.

పద్మమ్మ


గిద్దలూరు
3-10-62

పద్మా,

పిలుస్తున్నాను. ముందుగా అదే రాస్తున్నాను. అడగకపోయినా రాసేవాణ్ణి, కాకపోతే నాలుగో పేజీలో రాసేవాణ్ణి.

నీ జాబు అమ్మకు చదివి వినిపించాను. చెవుల దగ్గర నవ్వింది. రంగు దగ్గరికి రాగానే మళ్ళీ చదవమన్నది. ముంత కడిగినందుకు ఇల్లు పోయిందన్న చోట నేను చదవడం ఆపలేదు. విని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేనూ అమ్మా కాసేపు మాట్లాడుకున్నాం. అది రాయడానికి నాకు చేతకాదు.

మరునాడు మధ్యాహ్నం అన్నం తింటూ అమ్మ నా గిన్నె దగ్గరికి జరుపుకుని పెరుగు వేసుకుంది. ఎట్లా ఉందని అడిగాను. "పులుపు చాల్లేదు" అన్నది. మళ్ళీ వేసుకుంది. కంభం పెరుగుకూ దీనికీ తేడా ఉందట. చాలా ఉందట. అది చెప్పడానికి మూడోసారి కూడా వేసుకుంది. సాయంత్రం చూస్తే గట్టు మీద గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. లోపలికి వెళ్ళి చూస్తే పెరుగు పాత ముంతలో ఉంది. పలక ముక్కలు మాత్రం పెరట్లో పారేసింది.

ఆదివారం త్రిపురాంతకం వద్దామని సంచి సర్దుకుని పెట్టుకున్నాను. ఈ ఉదయం లేచేసరికి సంచి లేదు. అమ్మ కూడా లేదు. మస్తానమ్మ చెప్పిందేమంటే, నా బట్టలు తీసి మంచం మీద పెట్టి, తన చీర అందులో పెట్టుకుని, గుడ్డ కట్టిన చిన్న ముంత ఒకటి చేత్తో పట్టుకుని మార్కాపురం బండికి పోయిందట. ఎక్కడికని అడిగితే "వాడికి చెప్పాల్సిన పనేం లేదు" అన్నదట. గేదెను నాకు వదిలేసింది. నేను పాలు పితకడం నేర్చుకుంటున్నాను. గేదెకు ఇష్టం లేదు.

నీ
రంగనాయకులు


త్రిపురాంతకం
8-10-62

ఏమండీ,

మీ జాబు రాకముందే అత్తయ్య వచ్చింది. మార్కాపురంలో బండి దిగి బస్సెక్కి, ముంత ఒలకకుండా దారంతా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. పక్కన కూర్చున్నామెను ఆనుకోనివ్వలేదని బస్సులో చిన్న తగాదా కూడా అయిందట.

మా నాయన గభాలున లేచి నిలబడ్డాడు. మా అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. అత్తయ్య నేరుగా నా దగ్గరికి వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఒక చెవి చూసింది, ఇంకో చెవి చూసింది. "వాడి చెవులే. పాపం" అన్నది.

తర్వాత నా మంచం పట్టె మీద కూర్చుని మీ గురించి చెప్పింది. "పుట్టినప్పటి నుంచి నా ముందర నోరు తెరిసినోడు కాదు. మొన్న తెరిసినాడు. 'తనిఖీ ఆయన్ను తెచ్చింది నేను, తిన్నది మేము, వడ్డించిన పిల్లను బయటికి పంపినావు, నన్ను కూడా పంపమ్మా' అన్నాడు. సంచి కూడా సర్దుకున్నాడు. ఎప్పుడు నేర్సుకున్నాడో ఈ మాటలు." మీరు ఇది నాకు రాయలేదు. గిన్నెల గురించి అన్ని పేజీలు రాసి ఇది ఒక్కటీ రాయలేదు. ఆమె చెబుతుంటే విని నేను ఏడ్చాను. అది మీకు తెలియాలని రాస్తున్నాను.

అత్తయ్య నన్ను క్షమించానని అనలేదు. నన్ను క్షమించమనీ అనలేదు. లేచి మా వంటింట్లోకి వెళ్ళి, పాలు ఎక్కడున్నాయని అడిగింది. వేలు పెట్టి వేడి చూసింది. ముంత గుడ్డ విప్పి, చెంచాడు తీసి, మా పాలలో కలిపి, మూత పెట్టింది. తెల్లవారిన తర్వాత కూడా తోడు బయటికి ఇవ్వని మనిషి.

"ఒక్క ఇంట్లోనే దాసిపెట్టుకుంటే ఏమైంది? పోయింది గదా" అన్నది అత్తయ్య. "అది నా తెలివితక్కువతనం. రెండిండ్లల్లో ఉంటే ఒకచోట పోయినా ఇంకోచోట అడుక్కోవచ్చు. మస్తానమ్మకు కూడా ఇచ్చి వచ్చినా."

మరునాడు పెరుగు గట్టిగా తోడుకుంది. మా అమ్మ వేలితో రుచి చూసి, మర్యాద కోసం, "కంభం తోడంటే ఇదేనా వదినా" అని అడిగింది.

అత్తయ్య పిల్లకు నూనె పట్టిస్తోంది. తల ఎత్తలేదు.

"కంభంది పోయింది వదినా. ఇది మా కోడలిది" అన్నది.

నేను మూడో నెలలో బయలుదేరతాను. అంతవరకు ఇక్కడే ఉండి, నన్నూ పిల్లనూ తనే వెంటబెట్టుకుని వస్తానంటోంది. వియ్యపురాలు ఇన్నాళ్ళు ఉంటుందని మా అమ్మ అనుకోలేదు, కానీ పైకి సంతోషంగానే ఉంది. పిల్ల పేరు విషయంలో ఇద్దరికీ అప్పుడే మాటామాటా వచ్చింది.

గేదె పాలు పితికేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి. ఇంట్లో ముంత ఇప్పుడు మీ చేతిలో ఉంది. రోజూ తోడు పెట్టండి, ఒక్క రోజు కూడా మరవకండి. అక్కడిది పోయినా ఇక్కడిది ఉంటుంది, మస్తానమ్మ ఇంట్లో ఉంటుంది, భయం లేదు. అయినా సరే, ముంతను మాత్రం వేడి నీళ్ళతో కడగకండి.

మీ
పద్మ